కట్‌స్లో గోడలు

దారికి మన భాషలో పేర్లు చాలా ఉన్నవి. రెండు చేల నడుమ సాగునది డొంక. బండ్లు పోవునది పుంత. మనిషి ఒక్కడే నడువగలిగినది కాలిబాట. చేని గట్టుమీదుగా పోవునది గట్టుబాట. ఇన్ని పేర్లు పెట్టుకొన్న జాతికి దారి విలువ తెలియదని ఎవరనగలరు? చేను అమ్మిన రైతు చేనితో పాటు డొంకను అమ్మలేడు; కొన్న రైతు చేనితో పాటు దానిని కొనలేడు. దస్తావేజులో హద్దులు వ్రాయునపుడు "తూర్పున డొంక" అని వ్రాసికొనుటయే గాని ఆ డొంక ఎవరిదని విచారించిన వారు లేరు. అది దారిన పోయే దానయ్యలందరిది.

మా చిన్ననాట మా ఊరి చెరువుకు పోవు డొంకను ఒక ఆసామి తన కంచెలో కలుపుకొన్నాడు. మరునాడు తెల్లవారుజామున బిందెలతో వచ్చిన ఆడవారు కంచె దగ్గర ఆగిపోయినారు. ఆసామి అక్కడనే ఉన్నాడు. వారిలో పెద్దామె అతనిని పిలిచి, "ఏమిరా అబ్బాయీ, కంచె వేయకముందు మమ్ములనొక మాట అడుగవద్దా?" అన్నది. "నీకేమి హక్కు" అని ఆమె అనలేదు, "అడుగవద్దా" అన్నది. కోర్టు గుమ్మము తొక్కని ఆ ముసలమ్మ ప్రశ్నలో ఎంత న్యాయమున్నదో మాకప్పుడు తెలియలేదు. చాలకాలము తరువాత ఒక ఆంగ్ల నగరపు చరిత్ర చదువునపుడు తెలిసినది. ఆ చరిత్రను నేడు శ్రోతలకు విన్నవించుచున్నాము.

ఆక్స్‌ఫర్డు అనగానే మనకు విశ్వవిద్యాలయము, పాత కళాశాలల శిఖరములు గుర్తుకు వచ్చును. మన సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్ష పదవిని వదలి, 1936 నుండి 1952 వరకు ఆచార్యత్వము వహించినది అక్కడనే. అయితే ఆ నగరమున రెండు నగరములున్నవి. ఒకటి విద్యానగరము, రెండవది శ్రామిక నగరము. 1913లో విలియం మోరిస్ అను వ్యాపారి నగరపు అంచున ఉన్న కౌలీలో మోటారుకార్ల తయారీ ప్రారంభించినాడు. ప్రథమ ప్రపంచయుద్ధానంతరము ఆ కర్మాగారము మహావేగముగా పెరిగినది. 1926లో దాని ప్రక్కనే కార్లకు ఉక్కు తొడుగులు తయారుచేయు ప్రెస్డ్ స్టీల్ కర్మాగారము వెలసినది. వేల్సు బొగ్గుగనుల నుండి, ఉత్తరపు పట్టణముల నుండి పనులు పోయినవారు కూలికొరకు ఆక్స్‌ఫర్డుకు తరలివచ్చినారు. 1929లో నగరపు పొలిమేరలను విస్తరింపజేసి, చుట్టుప్రక్కల గ్రామములను నగరములో చేర్చినారు. అట్లు చేరిన వానిలో ఉత్తరమున ఉన్న కట్‌స్లో ఒకటి.

జనము పెరిగిన చోట ఇండ్లు కావలెను. నగరములో నదివైపునను, గ్యాసు కర్మాగారము వైపునను ఉన్న పాత వీధులలో చెమ్మదేలిన ఇరుకు ఇండ్లలో కుటుంబములు క్రిక్కిరిసి ఉండెడివి. అటువంటి మురికివాడలను తొలగించి, వానిలోని వారికి వేరుచోట ఇండ్లు కట్టియిచ్చు బాధ్యతను 1930 నాటి గృహనిర్మాణ చట్టము స్థానిక సంస్థల మీద ఉంచినది. ఆక్స్‌ఫర్డు నగరసభ కట్‌స్లోలో భూమి కొని అద్దె ఇండ్లు కట్టనారంభించినది. ఎఱ్ఱయిటుకల ఇండ్లు, ఇంటి ముందు కొద్దిపాటి తోట, పిల్లలు ఆడుకొనుటకు చోటు, లోపల నీటి కుళాయి. చీకటి గదులలో పుట్టి పెరిగినవారికి అది సామాన్యమైన భాగ్యము కాదు.

నగరసభ ఆ భూమి అంతటిని తానే ఉంచుకొనలేదు. పెద్ద రోడ్డుకు దగ్గరగా ఉన్న భాగమును అర్బన్ హౌసింగ్ కంపెనీ అను గృహనిర్మాణ సంస్థకు అమ్మినది. ఆ సంస్థకు అధిపతి క్లైవ్ సాక్స్‌టన్. బాన్‌బరీ రోడ్డు అను ఆ పెద్ద రోడ్డు మీదనే బస్సులు నడచును. దుకాణములకు పోవలెనన్నను అటే పోవలెను. ఆ రోడ్డుకు తూర్పున మొదట కంపెనీ ఇండ్లు, వాని వెనుక నగరసభ ఇండ్లు. నగరసభ పేట నుండి తిన్నగా పెద్ద రోడ్డు చేరుటకు రెండు వీధులున్నవి. ఒకదానికి నగరసభ వైపున ఆల్‌డ్రిచ్ రోడ్డు అని పేరు, కంపెనీ వైపున వెంట్‌వర్త్ రోడ్డు అని పేరు. రెండవది ఇటు వుల్సీ రోడ్డు, అటు కార్ల్‌టన్ రోడ్డు. పేర్లు రెండయినను వీధి ఒక్కటే. నడచువానికి పేరు మారిన సంగతి పలక చూచిన గాని తెలియదు.

కంపెనీ వారు తమ ఇండ్లను గుమాస్తాలకు, చిన్న ఉద్యోగులకు, నాలుగు రాళ్లు వెనుకవేసికొన్న కుటుంబములకు ఇవ్వదలచినారు. ఇంతలో మురికివాడల నుండి తరలించిన కొన్ని కుటుంబములను నగరసభ ప్రక్క పేటలో చేర్చినది. ఈ సంగతి తెలిసిన సాక్స్‌టన్ కలవరపడినాడు. పేదవాడల వారు ఇరుగుపొరుగున ఉన్నారని తెలిసిన మన ఇండ్లకు ఎవరు వచ్చెదరు, వాని ధర పడిపోవునే యని ఆయన భయము. అటువంటి కుటుంబములను అక్కడికి తీసికొనిరామని నగరసభ తమకు మాట యిచ్చి తప్పినదని కంపెనీ వాదము. అట్టి మాట ఏదియు తామీయలేదని నగరసభ సమాధానము. ఈ వాదోపవాదములు సాగుచుండగనే, 1934 డిసెంబరులో, రెండు వీధులకును అడ్డముగా, సరిగ్గా పేర్లు మారు చోట, కంపెనీ రెండు ఇటుక గోడలు కట్టించినది.

అవి పెరటి గోడల వంటివి కావు. రెండు మీటర్లకు పైగా ఎత్తు. పైన ఇనుప ముండ్లు. మనిషి ఎక్కి దూకుటకు వీలులేదు. తొంగి చూచుటకును వీలులేదు. తెల్లవారి లేచి చూచిన నగరసభ పేటవారికి వీధి చివర ఆకాశము తప్ప వేరేమియు కనబడలేదు.

ఆ గోడల వలన కలిగిన నష్టమును లెక్క వేయుట కష్టము కాదు. పెద్ద రోడ్డుకు పోవలెనన్న చుట్టుదారిన సుమారు 600 మీటర్లు అదనముగా నడువవలసి వచ్చినది. పోవుటకు 600, వచ్చుటకు 600, వెరసి 1,200 మీటర్లు. ఆరోగ్యవంతుడైన యువకునికి ఇది లెక్కలోనిది కాదు. చంటిబిడ్డను చంకనెత్తుకొని సరుకుల సంచి పట్టుకొన్న తల్లికి, మోకాళ్ల నొప్పుల ముసలివానికి, వానలో తడియుచు పోవు బడిపిల్లవానికి అది ప్రతిదినపు శిక్ష. దినమునకు ఒకసారి వెళ్లివచ్చినను సంవత్సరమునకు నాలుగువందల కిలోమీటర్లు మించును. ఇంతకన్న లోతైన నష్టము మరొకటి. ఆ గోడ తన యెదుట నిలిచిన ప్రతివానితో, నీవు మా వీధిలో నడువదగినవాడవు కావని మాటలేకుండ చెప్పుచుండెను. ఇటుక మోసిన తాపీవాడు, ఆ ఇటుకలే తన బిడ్డల దారికి అడ్డముగా నిలుచుట చూచినపుడు అతని మనస్సు ఎట్లుండునో ఊహించుకొనవచ్చును.

ఇక్కడ కంపెనీ పక్షమును కూడ న్యాయముగా చెప్పుకొనవలెను. గోడలు నిలిచిన నేల వారిది. వారు వెలయిచ్చి కొన్నారు. తమ నేల మీద తాము గోడ కట్టుకొనుటను నిషేధించు శాసనమేదని వారడిగినారు. గోడకు ఆవలివైపున ఉన్న కుటుంబములలో కూడ చాలమంది దుర్మార్గులు కారు. వారును కష్టపడి సంపాదించుకొన్న కాస్త నెమ్మదిని కోరుకొన్నవారే. భయము వారికి ఎవరో నేర్పినారు. గోడ ఆ భయమునకు రూపమిచ్చినది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్న సామెత కంపెనీకి వర్తించును గాని, ఆ ఇండ్లలో కాపురమున్న ప్రతివానికి వర్తింపదు.

పేటవారు మొదట చేసిన పని అందరును చేయునదే. ఎవరికి చెప్పుకొనవలెనో వారికి చెప్పుకొన్నారు. నగరసభకు విన్నవించుకొన్నారు. నగరసభ కంపెనీతో సంప్రదింపులు జరిపినది. అది నిజముగా గోడకు చెప్పుకొన్నట్లే అయినది. అప్పుడు రంగములోనికి ఆబ్రహాము లాజరస్ అనునతడు వచ్చినాడు. ఆయన కమ్యూనిస్టు పార్టీ కార్యకర్త. 1934లో ప్రెస్డ్ స్టీల్ కర్మాగారములో జరిగిన సమ్మెకు తోడ్పడుటకు ఆక్స్‌ఫర్డుకు వచ్చి అక్కడనే నిలిచిపోయినాడు. కర్మాగారములో కూలివారిని కూడగట్టిన నేర్పుతో ఆయన పేటలో కుటుంబములను కూడగట్టినాడు. 1935 మే 11న గోడలను పడగొట్టెదమని ప్రకటించినారు. ఆ దినమున సుమారు 2,000 మంది గుమిగూడినారు. అయితే గోడ దగ్గరకు చేరకముందే పోలీసులు అడ్డుకొన్నారు. జనము కొట్లాటకు దిగలేదు. గోడ నిలిచినది, జనము ఇండ్లకు పోయినారు. ఆనాటికి ఓడినట్లే కనబడినది. కాని ఒక పేటవారి ఇబ్బందిగా ఉన్నది ఆ దినముతో నగరమంతటి ప్రశ్న అయినది. పత్రికలు వ్రాసినవి. ఈ గోడల పేరు ఆక్స్‌ఫర్డు దాటి దేశమంతట వినబడసాగినది.

తరువాత మూడు సంవత్సరములు మాటలతో గడచినవి. చివరకు నగరసభ వారి ఓర్పు నశించినది. గోడలను తొలగించు అధికారము తమకు కలదని నమ్మి, 1938 జూన్ 7న నగరసభ తన మనుషులనే పంపినది. రోడ్డు చదును చేయు స్టీమ్ రోలరు వచ్చి గోడలను ఒక్క త్రోపున పడగొట్టినది. పేటవారి సంతోషమునకు మేర లేదు. మూడున్నర సంవత్సరముల తరువాత పిల్లలు మరల తిన్నని వీధిలో పరుగెత్తినారు.

ఆ సంతోషము నిలువలేదు. కంపెనీ మరల గోడలు లేపుటకు పూనుకొన్నది, వివాదము కోర్టుకెక్కినది. వ్యాజ్యము అప్పీలు న్యాయస్థానము దాక పోయినది. తీర్పు నగరసభకు వ్యతిరేకముగా వచ్చినది. నగరసభ చేసిన పని చట్టవిరుద్ధమని తేలినది. గోడలు మరల లేచినవి.

శ్రోతలు ఇక్కడ ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలెనని మా కోరిక. న్యాయమైన కోరిక కోర్టులో ఎందుకు ఓడినది? న్యాయమూర్తులు పేదల పక్షమున లేరని చెప్పి ఊరకుండవచ్చును. కాని అది సరియైన సమాధానము కాదు. పరిపాలనా న్యాయశాస్త్ర గ్రంథములు ఈ వ్యాజ్యమును ఒక సూత్రమునకు ఉదాహరణగా పేర్కొనును. ఆ సూత్రము ఇది: ప్రభుత్వ సంస్థ ఒకరి కట్టడమును పడగొట్టుటకు ముందు, ఆ కట్టడముగలవాని మాట వినవలెను. అతని వాదము తప్పు కావచ్చును. అతడు దురాశాపరుడు కావచ్చును. అయినను అతనిని అడుగవలెను. కంపెనీ పేటవారిని అడుగకుండ దారి మూసినది. నగరసభ కంపెనీ మాట వినకుండ గోడ కూల్చినది. మొదటిది కఠినమైన పని, రెండవది ఉదారమైన పని. కాని రెంటిలోను లోపించినది ఒక్కటే. మా ఊరి ముసలమ్మ అడిగిన ప్రశ్న ఇద్దరికిని తగులును.

నేడు స్టీమ్ రోలరు మనకు ఇష్టమైన గోడ మీదికి పోవుచున్నదని మనము చప్పట్లు కొట్టవచ్చును. రేపు అదే స్టీమ్ రోలరు ఏ పేదవాని పాక మీదికో పోవునపుడు, అతనిని కాపాడునది కూడ ఈ సూత్రమే. అందుచేత ఆనాటి తీర్పు పేటవారికి చేదుమందయినను, పూర్తిగా విషము కాదు.

తరువాత ద్వితీయ ప్రపంచయుద్ధము వచ్చినది. ఈ యుద్ధకాలమున జరిగిన ఒక సంగతిని ఆక్స్‌ఫర్డు వారు నేటికిని నవ్వుచు చెప్పుకొందురు. శిక్షణలో ఉన్న ఒక సైనిక టాంకు ఆ వీధిని పడి వచ్చినది. వీధి తిన్నగా పోవునను ధైర్యముతో కాబోలు, ఆ టాంకు గోడను గ్రుద్దుకొని ఆవలికి పోయినది. ఉద్యమకారులు చేయలేనిది, నగరసభ నిలుపుకొనలేనిది, దారి తప్పిన ఒక టాంకు అరనిమిషములో చేసినది. కాని దానికిని అదే గతి పట్టినది. యుద్ధ మంత్రిత్వశాఖ నష్టము భరించినది. గోడ మరల లేచినది. ఆ సంవత్సరములలో గోడకు ఇరువైపుల ఇండ్ల నుండియు యువకులు ఒకే సైన్యమున చేరి ఒకే యుద్ధభూమికి పోయినారు. అక్కడ వారి నడుమ గోడ లేదు. తిరిగివచ్చిన వారికి ఇక్కడ ఉన్నది.

యుద్ధానంతరము ఇంగ్లండు మారినది. నగర ప్రణాళికను, భూవినియోగమును గూర్చి కొత్త శాసనములు వచ్చినవి. ప్రజావసరమునకు భూమిని వెలయిచ్చి తీసికొను పద్ధతులు బలపడినవి. నగరసభ కూడ తన పాఠము నేర్చుకొన్నది. ఈసారి స్టీమ్ రోలరును పంపలేదు; కాగితములు పంపినది. గోడలు నిలిచిన సన్నని నేలపట్టీలను చట్టప్రకారము కొనుటకు పూనుకొన్నది. దానికి సంవత్సరములు పట్టినవి. చివరకు 1,000 పౌనుల వెల చెల్లించి ఆ నేలను తనదిగా చేసికొన్నది. 1959 మార్చి 9న గోడలను పడగొట్టినారు. కట్టిన నాటికి ఇరువది నాలుగు సంవత్సరములు దాటినది. గోడ కట్టిననాడు పుట్టిన బిడ్డ, గోడ పడిన నాటికి తానే తల్లియో తండ్రియో కాదగిన వయస్సు గలది. ఈసారి గోడలు మరల లేవలేదు.

పీటర్ కాలిసన్ అను సామాజిక శాస్త్రజ్ఞుడు ఆ రెండు పేటలను గూర్చి పరిశోధన చేసి, 1963లో "కట్‌స్లో గోడలు" అను పేరుతో గ్రంథము ప్రకటించినాడు. వర్గభేదము మనస్సులో ఉండునదని సామాన్యముగా అందురు. ఇక్కడ అది ఇటుకగా, సున్నముగా, ఇనుప ముల్లుగా కంటికి కనబడినది. కనుకనే పండితులకు ఈ చిన్న పేట మీద అంత శ్రద్ధ కలిగినది. గోడలు నిలిచిన తావును గుర్తుచేయుచు నేడక్కడ ఒక నీలిరంగు ఫలకము ఉన్నది. వీధి పేర్లు మాత్రము నేటికిని అటు ఒకటి, ఇటు ఒకటియే. గోడ పోయిన చోట హద్దు జ్ఞాపకముగా మిగిలినది. 2018లో రోడ్డు మరమ్మతు చేయువారు ఒకవైపు వీధికి కొత్త పూత వేసి, సరిగ్గా పాత గోడ నిలిచిన చోట ఆపివేసినపుడు, పేటవారు ఉలికిపడినారు. ఆ ఆగుటలో దురుద్దేశము లేకపోవచ్చును. కాని అరువది సంవత్సరముల తరువాత కూడ ఆ గీత వారి కంటికి గుచ్చుకొన్నది.

ఈ కథ ఇంతటితో ముగిసిన, చెడ్డ గోడ పడినది, మంచి దారి గెలిచినది అని చెప్పి సెలవు తీసికొనవచ్చును. కాని చరిత్ర అంత సులభముగా విడువదు. అదే ఆక్స్‌ఫర్డులో, 2021 మార్చిలో కౌలీ ప్రాంతపు పేటలలోను, 2022 మేలో తూర్పు ఆక్స్‌ఫర్డు పేటలలోను, కొన్ని వీధులకు అడ్డముగా స్తంభములు, పూలతొట్లు పెట్టినారు. పెట్టినది ఆ జిల్లా పాలక మండలి. నడచువారు, సైకిలు తొక్కువారు వాని నడుమ నుండి పోవచ్చును. మోటారుకార్లు మాత్రము చుట్టి రావలెను. ఏ నగరపు అంచున మోరిస్ కార్లు పుట్టినవో, ఆ నగరమే కార్లకు దారి మూసినది. ఇది కూడ కాలవైపరీత్యమే.

ఈసారి పేటవారు ఒక్కమాట మీద లేరు. మా వీధి నిశ్శబ్దమైనది, పిల్లలు నిర్భయముగా సైకిలు మీద బడికి పోవుచున్నారని కొందరు సంతోషించినారు. మా వీధి కార్లన్నియు పెద్ద రోడ్డు మీద పడినవి, ఆ రోడ్డు ప్రక్క ఇండ్లవారు ఏమి పాపము చేసినారని మరికొందరు అడిగినారు. ముసలివారికి సేవచేయుటకు ఇంటింటికి తిరుగు దాదులు, పనిముట్లు బండిలో వేసికొని తిరుగు కుళాయి పనివారు, నడువలేనివారు తమ ఇబ్బందులు చెప్పుకొన్నారు. రాత్రివేళ కొందరు స్తంభములను విరిచినారు, కొన్నిటిని తగులబెట్టినారు. పెట్టినవారు మరల పెట్టినారు. ఇరుపక్షముల వారును సభలు జరిపినారు, సంతకములు సేకరించినారు.

ఈ స్తంభమును ఆ గోడతో సమానమని చెప్పుట సరికాదు. గోడ మనిషిని ఆపినది. స్తంభము యంత్రమును ఆపినది. గోడ వెనుక ఉన్నది ఇండ్ల ధర; స్తంభము వెనుక ఉన్నది నడచువాని క్షేమము. మరొక భేదము కూడ ఉన్నది. ఇంగ్లండులో ఇటువంటి మార్పును ముందు ప్రయోగముగా, గరిష్ఠముగా 18 నెలల కాలమునకు అమలుపరచవచ్చును. మొదటి ఆరు నెలలలో ఎవరైనను అభ్యంతరము తెలుపవచ్చును. ఆ తరువాతనే ఉంచవలెనో తీయవలెనో నిర్ణయింతురు. కట్‌స్లో పేటవారికి 1934లో ఇటువంటి అవకాశమే లేదు. అయినను ముందు మూసి తరువాత అడుగుట, అడిగినట్లా కాదా అను ప్రశ్న మిగిలియే ఉన్నది. ఆ పేటలలో కోపించిన వారిలో చాలమందికి స్తంభము మీద కన్న ఈ క్రమము మీదనే కోపము.

ఇది పరదేశపు ముచ్చట అని మనము ఊరకుండుటకు వీలులేదు. మన సికిందరాబాదు చరిత్రయే ఒక దండుబాటల చరిత్ర. 1798 నాటి సంధి ననుసరించి వచ్చిన ఆంగ్ల సైన్యము హుసేన్‌సాగరపు ఉత్తరమున విడిది చేసినది. 1806లో ఆ విడిదికి నిజాము సికందర్ జా పేరు పెట్టినారు. దండు చుట్టును ఊరు పెరిగినది. ఊరికి ఆవల సైనిక్‌పురి, మల్కాజ్‌గిరి వైపు మరల పేటలు పెరిగినవి. ఆ పేటలవారు పనులకు పోవుటకు దండు రోడ్లే దగ్గరదారులు. ఈ శతాబ్దములో రక్షణ కారణముల చేత సైనికాధికారులు కొన్ని రోడ్లను సామాన్యులకు మూసినారు. పేటలవారు ఆందోళన చేసినారు. సైనిక కుటుంబముల భద్రత ఒకవైపు, లక్షల మంది రాకపోకలు ఒకవైపు. రెండును తేలికగా త్రోసివేయదగినవి కావు. కాని 2006 నాటి కంటోన్మెంట్ల చట్టము 258వ సెక్షనులో ఒక పద్ధతి ఉన్నది: వీధిని మూయుటకు ముందు బహిరంగ ప్రకటన చేసి ప్రజల అభ్యంతరములను, సూచనలను ఆహ్వానింపవలెను. ఆ పద్ధతి పాటింపక మూసినారను ఆరోపణ దేశములోని అనేక కంటోన్మెంట్ల నుండి వినవచ్చినది. 2018 మేలో రక్షణ మంత్రిత్వశాఖ మూసిన రోడ్లను తెరువవలసినదిగా ఆదేశించినది. సైనిక కుటుంబముల నుండి దానికి నిరసన వచ్చినది. తమను కూడ ముందు అడుగవలసినదని వారన్నారు. ఆ మాటయు కాదనదగినది కాదు.

చూడగా, దేశములు వేరు, కాలములు వేరు, గోడలు వేరు. ప్రశ్న మాత్రము ఒక్కటే. వీధిని మూయువారి దగ్గర ఎప్పుడును ఒక కారణముండును. ఇండ్ల ధర, భద్రత, పిల్లల క్షేమము, ఏదో ఒకటి. కారణము మంచిదైనంత మాత్రమున చేసిన పద్ధతి మంచిది కాదు. ఏదైన ఒక వీధికి మార్పు రానున్నదని విన్నపుడు మనము మూడు సంగతులు విచారింపవలెనని మాకు తోచుచున్నది. ఆగునది ఎవరి అడుగు? ఆ అడుగు వేయువారిని ముందు అడిగినారా? వారు వద్దన్నచో ఆ మాట ఎక్కడనైన వ్రాసికొనబడునా? ఈ మూడింటికి సమాధానము లేని గోడ నేడు నిలిచినను చిరకాలము నిలువదు. అడుగక పడగొట్టిన గోడ మరల లేచును. కట్‌స్లోలో రెండును జరిగినవి.

ఇక మా ఊరి డొంక సంగతి చెప్పి ముగింతుము. ఆ ఆసామి ముసలమ్మ మాటకు వెంటనే బదులు చెప్పలేదు. కొంచెముసేపు తలవంచుకొని నిలబడినాడు. "తప్పయినది అత్తా, పశువులు చేనిలో పడుచున్నవని వేసినాను" అన్నాడు. "అయితే కంచె ఉండనీ, మనిషి పట్టు సందు విడువు" అన్నది ఆమె. అతడు సందు విడిచినాడు. పశువులు ఆగినవి, బిందెలు ఆగలేదు. దానికి పట్టినది ఒక ఉదయము. ఇరువది నాలుగు సంవత్సరములు పట్టలేదు.